పడవ దాకా వెళ్లడానికి ఏ పడవ కొనాలి?

ప్రశ్న: నేను, ఇద్దరు ఫ్రెండ్స్ కలిసి ముంబైలో 27 అడుగుల పాత సెయిలింగ్ బోటు కొన్నాం. గేట్‌వే దగ్గర్లో మూరింగ్ మీద (నీళ్లలో లంగరేసిన బోయకి కట్టి), ఒడ్డుకి అర కిలోమీటరు దూరంలో ఉంటుంది. ఇన్నాళ్లూ అక్కడి లాంచీ వాళ్లను బతిమాలుకుని బోటెక్కుతున్నాం. ఇప్పుడు మాకంటూ ఒక గాలి పడవ కావాలి. నాకు 2.3 మీటర్ల చవక రకం చాలనిపిస్తోంది. ఒక ఫ్రెండ్ 2.7 మీటర్ల ఎయిర్‌ఫ్లోర్ (అడుగు కూడా గాలితో ఉబ్బే రకం) అంటాడు. ఇంకొకడు ఎవరో అమ్ముతున్న 3.1 మీటర్ల రిబ్‌ని (గట్టి అడుగున్న రకం) 9.9 హార్స్‌పవర్ ఇంజిన్‌తో సహా తీసేసుకుందాం అంటాడు. మేం ఉండేది మియాపూర్‌లో, మా ఫ్లాట్ ఐదో అంతస్తు. నెలకోసారి కారులో వెళ్తాం. మా మామగారు కూడా వస్తానని పట్టుబడుతున్నారు, ఆయన 95 కిలోలు. ఏది కొనమంటారు?

సమాధానం: 2.7 మీటర్ల ఎయిర్‌ఫ్లోర్ కొనండి. ఇక్కడితో చదవడం ఆపేసినా మీకు పెద్ద నష్టం లేదు. కాకపోతే ఎందుకో తెలియకుండా కొంటే వచ్చే దసరా ఆఫర్లలో ఇంకోటి కొంటారు. నాకెలా తెలుసంటే నేనూ అలాగే కొన్నాను.

ముందు పేరు సంగతి. పెద్ద బోటుకీ ఒడ్డుకీ మధ్య తిరిగే ఈ చిన్న పడవను టెండర్ అంటారు. నేను మొదట్లో ఫోన్లో "మంచి టెండర్ ఒకటి చూస్తున్నా" అంటే మా ఆవిడ రెండు రోజులపాటు నేను రోడ్ల కాంట్రాక్టులోకి దిగుతున్నాననుకుని టెన్షన్ పడింది. కాబట్టి మనం రబ్బరు పడవ అనుకుందాం. 2020 అక్టోబరు వరదల్లో మన కాలనీల్లోకి వచ్చినవి గుర్తున్నాయిగా, అదే జాతి, అందులో చిన్న సైజు.

ఇది కొనేటప్పుడు అందరూ చేసే పొరపాటు ఒకటే. నీళ్లు అద్దంలా ఉన్న ఆదివారం పొద్దున్న, ఇద్దరే మనుషులు, ఒక చిన్న బ్యాగు, ఆ బొమ్మ కళ్లముందు పెట్టుకుని కొంటారు. మీరు వేరే బొమ్మ ఊహించుకోండి. రాత్రి పది అయింది, బోటు మీద నుంచి ఒడ్డుకి రావాలి, నీళ్లు సముద్రం వైపు లాగుతున్నాయి, గాలి ఎదురు కొడుతోంది, పడవలో ముగ్గురు మనుషులు, తడి బట్టల బ్యాగులు, ఖాళీ కూలర్ బాక్సు, తాడు పదిసార్లు లాగినా ఇంజిన్ అందుకోవట్లేదు. ఆ రాత్రి మిమ్మల్ని ఒడ్డుకి చేర్చగలిగేదే మీ పడవ. పొద్దున పూట పనికొచ్చేవి సవాలక్ష ఉంటాయి.

మీ 2.3 మీటర్ల చవక రకం ఇక్కడే పోతుంది. పొడవు బయటి కొలత అని చాలామందికి కొన్నాకే తెలుస్తుంది. గాలి ట్యూబులే చెరో 35, 40 సెంటీమీటర్లు తినేస్తాయి. 2.7 మీటర్ల దాంట్లో కూడా లోపల మిగిలేది సుమారు 1.8 మీటర్ల పొడవు, 70 సెంటీమీటర్ల వెడల్పు, అంటే రైల్లో పై బెర్తు అంత. 2.3 మీటర్ల దాంట్లో ముగ్గురు మగాళ్లు కూర్చుంటే మోకాళ్లు గడ్డానికి తగులుతాయి, అప్పుడు తెడ్డు వేసేదెవరు, ఎలా వేస్తారు? ఇంకోటి, చవక రకాలకు అడుగున కీల్, అంటే ముందు నుంచి వెనక్కి వెన్నులా ఉండే గట్టు, ఉండదు, బల్లపరుపుగా ఉంటుంది. కృష్ణలో పుట్టి నడిపేవాళ్లను చూసే ఉంటారు. పుట్టికి ముందూ వెనకా ఉండదు, అలవాటు లేనివాడు తెడ్డు వేస్తే ఉన్నచోటే గింగిరాలు తిరుగుతుంది. కీల్ లేని రబ్బరు పడవ కొంచెం మేలు, అంతే. అడుగున గాలితో ఉబ్బే చిన్న కీల్ ఉంటే పడవ గీత గీసినట్టు పోదు గానీ మీరు చూపించిన వైపుకైతే పోతుంది. దానికోసం ఇంకాస్త డబ్బు పెట్టండి.

తెడ్లు కూడా చూడండి. పడవతో పాటు వచ్చేవి చాలాసార్లు రెండు ముక్కలు కలిపే పొట్టి అల్యూమినియం కర్రలు, గట్టిగా లాగితే జాయింటు దగ్గర వంగిపోతాయి. ముంబై హార్బరులో పౌర్ణమి, అమావాస్యల దగ్గర్లో నీటి లాగుడు 2 నాట్లు, అంటే గంటకు 3.7 కిలోమీటర్లు, ఉండటం మామూలే. నిండా జనంతో ఉన్న రబ్బరు పడవను మామూలు మనిషి తెడ్లతో లాగగలిగే వేగం కూడా దాదాపు అంతే. అంటే చెమటలు కక్కుతూ ఒకేచోట ఉంటారు, చేతులు అలిసిపోతే వెనక్కి పోతారు. అందుకే చిన్న లంగరు ఒకటి, 30 మీటర్ల తాడుతో, ఎప్పుడూ పడవలోనే ఉండాలి. ఇంజిన్ ఆగిపోతే ముందు లంగరు వెయ్యండి, ఆ తర్వాత ఇంజిన్‌ని తిట్టుకోండి.

ఇక రిబ్. అడుగు గట్టి ఫైబరుతోనో అల్యూమినియంతోనో చేసి చుట్టూ గాలి ట్యూబులు పెట్టినదాన్ని రిబ్ అంటారు. నిజం చెప్పాలంటే మూడింటిలో మంచి పడవ అదే. నీళ్ల మీద తేలి పరుగెత్తుతుంది, మనిషి తడవడు, మెట్లకు తగిలినా అడుగు చిరగదు. జులైలో మన హుస్సేన్‌సాగర్ మీద సెయిలింగ్ పోటీలు జరిగేటప్పుడు పిల్లల పడవల వెనక కోచ్‌లు తిరిగేవి చూడండి, మీ ఫ్రెండు ఎందుకు మనసు పారేసుకున్నాడో అర్థమవుతుంది. కానీ 3.1 మీటర్ల రిబ్ 60 కిలోల దాకా ఉంటుంది, 9.9 ఇంజిన్ ఇంకో 40. దాన్ని 27 అడుగుల బోటు మీద ఎక్కడ పెడతారు? ముందు డెక్ మీద బోర్లిస్తే లంగరు తియ్యడానికి మనిషి నిలబడే చోటుండదు. వెనకాల కట్టి లాక్కెళ్తే బోటు వేగం తగ్గుతుంది, కెరటాలు వెనక నుంచి వస్తే అదే వచ్చి మీ వీపు మీద ఎక్కబోతుంది. నీళ్లలోనే వదిలేస్తే నెల తిరిగేసరికి అడుగున బార్నకిల్స్ (అంటుకుని పెరిగే చిన్న గుల్ల జీవులు) పట్టి గరుకు కాగితంలా తయారవుతుంది. మియాపూర్ తెచ్చే మాటే లేదు, ఆ అడుగు మడవడానికి రాదు, మీ లిఫ్టులో పట్టదు. జెట్టీకి ఆనించి కట్టుకునే చోటు, పడవను పైకెత్తే చిన్న క్రేను ఉన్నవాళ్లకు రిబ్ బాగుంటుంది. హార్బరు అవతలి ఒడ్డున ఉన్న మాండ్వా దాకా అందులోనే దూసుకుపోవచ్చని మీ ఫ్రెండు ఆశ పడుతున్నట్టున్నాడు, అది వేరే సరదా, దానికి వేరే పడవ.

ఎయిర్‌ఫ్లోర్ అంటే అడుగు కూడా గాలిదే, కానీ ఆట బొమ్మల్లాంటిది కాదు. రెండు పొరల మధ్య వేల దారాలు పరుపుకి కుట్లు వేసినట్టు ఉంటాయి, అందుకే ఎంత గాలి కొట్టినా ఉబ్బిపోకుండా పలకలా గట్టిపడుతుంది. 2.7 మీటర్లది 30, 35 కిలోల మధ్య ఉంటుంది, ఇద్దరు పట్టుకుని మెట్లెక్కించొచ్చు. ప్లైవుడ్ ముక్కలు బిగించే రకం ఇంకో పది కిలోలు బరువు, పైగా ఆ ముక్కలు ఊగుతున్న డెక్ మీద బిగించేటప్పుడు వేళ్లు నలుగుతాయి, నా కుడి బొటనవేలు గోరు ఇప్పటికీ సరిగ్గా రాలేదు. చెక్క చీలికలు వేసి చాపలా చుట్టే రకం తేలికే గానీ దాంట్లో నిలబడితే పరుపు మీద నిలబడ్డట్టు ఉంటుంది, మామగారిని దాంట్లోకి దింపకండి.

గాలి గురించి కాస్త ఎక్కువ చెప్తాను, ఎందుకంటే పడవలు ఎక్కువ పాడయ్యేది ఇక్కడే. ట్యూబులకు మామూలుగా 0.25 బార్ (గాలి ఒత్తిడి కొలత), ఎయిర్‌ఫ్లోర్‌కి 0.7 నుంచి 0.8 బార్ పెట్టమంటారు. మీ పడవ మీద ఉన్న అంకెనే నమ్మండి. చాలామంది ఫ్లోర్‌కి తక్కువ కొట్టి "మెత్తగా ఉంది, మోసం చేశాడు" అంటారు, సగం ఓపికతో పంపు కొట్టి ఆపేస్తారు కాబట్టి. పెట్రోలు బంకులో టైర్లకు పెట్టే గాలి మాత్రం వద్దు, ఆపేలోపే కుట్లు తెగుతాయి. కారు సిగరెట్ లైటర్‌కి పెట్టే టైరు పంపుతో గంట కూర్చున్నా ట్యూబు నిండదు, అది కొంచెం గాలిని గట్టిగా తోస్తుంది, మనకు కావాల్సింది బోలెడు గాలి. పడవల కోసమే చేసిన 12 వోల్టుల పంపులు దొరుకుతాయి, గేజీ ఉన్నది తీసుకోండి.

ఇప్పుడు ఎండ. పొద్దున్నే 25 డిగ్రీల దగ్గర ట్యూబుకి 0.25 బార్ కొట్టి జెట్టీ మీద పెట్టి టిఫిన్‌కి వెళ్లారనుకుందాం. ఎండలో లోపలి గాలి 50 డిగ్రీలకు చేరితే గేజీ 0.35 చూపిస్తుంది. పాతిక డిగ్రీలకే అంత పెరుగుదలా అనుకోవద్దు. గేజీ చూపించేది బయటి గాలికి పైన ఉన్నది మాత్రమే, బయటి గాలిదే సుమారు ఒక బార్ కాబట్టి లోపల నిజంగా ఉన్నది 1.25 బార్, దాని మీద 8 శాతం పెరిగితే ఆ పెరిగినదంతా వచ్చి గేజీ మీదే కూర్చుంటుంది. అంటే అతుకుల మీద లాగుడు 40 శాతం ఎక్కువ. కుక్కరుకైతే విజిల్ ఉంటుంది, మీ చిన్న పడవకు సాధారణంగా ఉండదు. కాబట్టి ఒడ్డున ఉంచితే కొంచెం గాలి తియ్యండి, నీళ్లలోకి దించాక ట్యూబులు చల్లబడి మెత్తబడితే మళ్లీ కొట్టండి. సాయంత్రం గట్టిగా ఉన్నది తెల్లారేసరికి కాస్త మెత్తబడితే లీకని కంగారు పడకండి, అదే లెక్క వెనక్కి నడిచింది, అంతే. అనుమానం ఉంటే పంక్చర్ షాపు పద్ధతి, సబ్బు నీళ్లు అతుకుల మీద, వాల్వుల చుట్టూ పూసి బుడగలు చూడండి.

దేనితో చేశారన్నది తర్వాతి ప్రశ్న, డబ్బు ఎక్కువ తేడా వచ్చేదీ ఇక్కడే. చవకవన్నీ పీవీసీ. ఖరీదైనవి హైపాలన్, అది డ్యూపాంట్ కంపెనీ పెట్టిన పేరు, వాళ్లు 2010లో తయారీ ఆపేసినా అదే రకం రబ్బరు గుడ్డను అందరూ ఇప్పటికీ ఆ పేరుతోనే పిలుస్తారు. ఎండకు తట్టుకోవడంలో హైపాలన్‌తో పీవీసీకి పోటీ లేదు. ఎండలో ఏళ్ల తరబడి ఉన్న పీవీసీ ముందు జిగురుగా తయారవుతుంది, తర్వాత అతుకులు వదులుతుంది. నా మొదటి పడవ పీవీసీదే, ఆన్‌లైన్‌లో కొన్నది, సీజను కాని రోజుల్లో పడమటి బాల్కనీలో పెట్టాను, రెండో ఎండాకాలం మే నెలలో ఒక మధ్యాహ్నం టపాసు పేలినట్టు శబ్దం వచ్చింది, కింద నుంచి వాచ్‌మన్ పరుగెత్తుకొచ్చాడు. తప్పు పూర్తిగా నాదే, సగం గాలితో ఉంచాను, కవర్ లేదు.

అయితే మీకు హైపాలనే కావాలని నేననను. పడవ రోజంతా నీళ్లలో, ఎండలో ఉండే వాళ్లకు అది తప్పదు. మీరు నెలకు రెండు రోజులు వాడి చుట్టి కారులో పెట్టుకుని వస్తారు, జూన్ నుంచి సెప్టెంబరు దాకా అక్కడ బోట్లు ఎలాగూ ఒడ్డెక్కుతాయి. అతుకులు జిగురుతో కాకుండా వేడితో వెల్డ్ చేసిన మంచి పీవీసీ మీకు చాలు, దాని మీద గుడ్డ కవర్ కుట్టించండి, లేత బూడిద రంగు తీసుకోండి, నలుపూ ముదురు నీలమూ వద్దు. మిగిలిన డబ్బు ఇంజిన్‌కి పనికొస్తుంది. పంక్చర్ కిట్ కొనేటప్పుడు మాత్రం చూసుకోండి, పీవీసీ జిగురు వేరు, హైపాలన్ జిగురు వేరు, ఒకదానికి ఇంకోటి పెడితే అంటదు. గాలిలో తేమ ఎక్కువున్నప్పుడు ఏదీ సరిగ్గా అంటదు కాబట్టి అతుకు పనులు ముంబైలో కాకుండా ఇక్కడ జనవరిలో ఇంట్లో కూర్చుని చేసుకోండి, ఈ ఒక్క విషయంలో మన హైదరాబాదు పొడి గాలి మనకు లాభం.

ఇంజిన్ విషయానికొస్తే 9.9 మర్చిపోండి. అర కిలోమీటరుకి రెండున్నర హార్స్‌పవర్ చాలు, మరీ అనుమానమైతే 4. రెండున్నరవి 13 నుంచి 18 కిలోల మధ్య దొరుకుతాయి, ఊగుతున్న పడవలో నిలబడి బోటు మీదున్న మనిషికి ఒంటిచేత్తో అందించగలిగేది ఆ బరువే. ఆరు హార్స్‌పవర్‌ది పాతిక కిలోలు దాటుతుంది, దాన్ని అందించబోయి నీళ్లలో వదిలేసినవాళ్లు నాకు ఇద్దరు తెలుసు. అందించే ముందు దానికి తాడు కట్టి రెండో కొస బోటుకి ముడెయ్యండి, ప్రతిసారీ.

పెట్రోలా, కరెంటా? రెండేళ్ల కింద అడిగుంటే పెట్రోలే అనేవాణ్ణి. ఇప్పుడు బంకుల్లో వచ్చేది 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు, చాలా అవుట్‌బోర్డు (పడవ వెనక తగిలించే ఇంజిన్) కంపెనీలు 10 శాతం దాకానే ఒప్పుకుంటాయి. ఇథనాల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది, నెలకోసారి తిప్పే ఇంజిన్‌లో, అదీ సముద్రం పక్కన, ఆ పెట్రోలు కార్బ్యురేటర్‌లో మిగిలిపోతే తర్వాతి నెల మీరు తాడు లాగుతూనే ఉంటారు. పెట్రోలుదే కొంటే ప్రతి ట్రిప్పు చివరా పెట్రోలు ట్యాపు కట్టేసి ఇంజిన్ దానంతటదే ఆగేదాకా నడపండి, కార్బ్యురేటర్‌లో మిగిలింది స్క్రూ తిప్పి దించెయ్యండి. మీలా కారులో వచ్చి వెళ్లేవాళ్లకు బ్యాటరీ ఇంజిన్ బాగా కుదురుతుంది. సుమారు ఒక కిలోవాట్ అవర్ బ్యాటరీ ఉన్నది ఫుల్ స్పీడులో గంట దగ్గర దగ్గర, సగం స్పీడులో అంతకు చాలా ఎక్కువసేపు నడుస్తుంది, మీకు కావాల్సింది ఒక్కో దఫాకి పది నిమిషాలు. బ్యాటరీ విడిగా ఊడొస్తుంది, మియాపూర్‌లో ఇంట్లో చార్జింగ్ పెట్టుకోవచ్చు. ధర మాత్రం పెట్రోలు దానికంటే బాగా ఎక్కువ. ఎప్పుడైనా ఫ్లైటులో వెళ్దాం అనుకుంటే మాత్రం బ్యాటరీ రాదు, 160 వాట్ అవర్‌లు దాటిన లిథియం బ్యాటరీని ప్రయాణికుల సామానులో ఒప్పుకోరు. పెట్రోలు వాసన ఉన్న ఇంజిన్‌నీ ఒప్పుకోరు.

ఏ ఇంజిన్ అయినా మణికట్టుకి తగిలించుకునే ఎర్ర తాడు ఉంటుంది, మనిషి పడిపోతే ఇంజిన్ ఆగేది. అది వేసుకోకుండా నడిపేవాడితో నేను పడవెక్కను. లైఫ్ జాకెట్ కూడా అంతే, పడవలో దిగకముందే వేసుకోవాలి. బోటు మీద అందరూ జాగ్రత్తగానే ఉంటారు, ఈ పది నిమిషాల ప్రయాణాన్నే ఎవరూ లెక్క చెయ్యరు. గేట్‌వే ముందు లాంచీలు ఆగకుండా తిరుగుతుంటాయి, వాటి కెరటాలకు మీ పడవ ఎగురుతుంది, రాత్రి పూట తెల్ల లైటు వెయ్యకపోతే మీరున్నారని వాళ్లకు తెలియదు.

కట్టే తాడు గురించి ఒక్క మాట. నీళ్ల మీద తేలే రకం తాడు కొనండి, మునిగేది ప్రొపెల్లర్‌కి చుట్టుకుంటుంది. పొడవు బాగా ఉండాలి. హుస్సేన్‌సాగర్‌లో నేర్చుకున్నవాణ్ణి కదా, నీళ్లు ఎక్కడున్నవి అక్కడే ఉంటాయన్న నమ్మకంతో మొదటిసారి ముంబైలో పోటు మీద ఉన్నప్పుడు మీటరు తాడుతో రేవుకి కట్టేసి బిర్యానీ తినడానికి పోయాను. తిరిగొచ్చేసరికి నీళ్లు ఎక్కడో కిందున్నాయి, పడవ ముక్కు మీద ఉరేసుకున్నట్టు వేలాడుతోంది, ఒక తెడ్డు, చెప్పులు, నా ఫ్రెండు కళ్లజోడు సముద్రంలో కలిశాయి. అక్కడ పౌర్ణమి, అమావాస్యల్లో ఆరు గంటల్లో 4 మీటర్ల పైన తేడా వస్తుంది. ఆ నీళ్లు తీసినప్పుడు బయటపడే మెట్లకు ఆలిచిప్పలు బ్లేడుల్లా అంటుకుని ఉంటాయి, పడవను వాటికి రాసుకునేలా వదిలితే హైపాలనూ ఆగదు, పీవీసీ సంగతి చెప్పక్కర్లేదు.

ఇంటికొచ్చాక ఉప్పు పోయేలా మంచినీళ్లతో కడిగి, నీడలో పూర్తిగా ఆరాకే చుట్టండి, మడతల్లో టాల్కం పౌడరు చల్లండి. సెల్లార్ పార్కింగ్‌లో మాత్రం పెట్టొద్దు, మన సెల్లార్లలో ఎలుకలకు పీవీసీ అంటే మహా ఇష్టం. మంచం కింద పడుతుంది, ఇంట్లో ఒప్పించుకోండి. కొన్న కొత్తలో గాలి కొట్టి ఒకసారి మీ అపార్ట్‌మెంట్ క్లబ్‌హౌస్‌లో పరిచి చూసుకోండి, సెక్రటరీ ఊరుకుంటే స్విమ్మింగ్ పూల్‌లో కూడా, అక్కడ ఒక పని తప్పకుండా చెయ్యాలి: ముగ్గురూ ఒక్కొక్కరుగా నీళ్లలోకి దిగి మళ్లీ పడవలోకి ఎక్కాలి. గుండ్రటి తడి ట్యూబు మీదకి జాకెట్‌తో ఎక్కడం ఎంత కష్టమో అప్పుడు తెలుస్తుంది. వెనక చెక్కకు తాడుతో ఒక మెట్టులాంటి ఉచ్చు కట్టుకోండి, కాలు పెట్టడానికి.

మామగారు. పడవ మీద ప్లేటులో నలుగురని రాసి ఉండొచ్చు, కానీ ఆ పక్కనే కిలోలు కూడా ఉంటాయి, అది చదవండి, వాళ్లు లెక్కేసే మనిషి 75 కిలోల వాడు. మీ ముగ్గురూ, ఆయనా, రెండు 20 లీటర్ల నీళ్ల క్యాన్లూ, ఇంజినూ కలిపితే నాలుగొందల కిలోల దగ్గరికి వస్తుంది. ప్లేటు ఒప్పుకున్నా ట్యూబులు నీటికి ఆనుకుని అలలు ఒళ్లోకొస్తాయి. రెండు ట్రిప్పులు వెయ్యండి. ఆయన్ని మొదటి ట్రిప్పులో, పగటి పూట, పోటు ఉన్నప్పుడు తీసుకెళ్లండి, అప్పుడు దిగాల్సిన మెట్లు తక్కువ, పైన ఉండేవి పొడిగా ఉంటాయి. పడవలోకి కాలు పెట్టేటప్పుడు ట్యూబు మీద కాకుండా నేరుగా మధ్యలో పెట్టమనండి, ఒక చెయ్యి మీ భుజం మీద వేసుకుని, కూర్చున్నాక రెండో మనిషి దిగేదాకా లేవొద్దని చెప్పండి. మా మామగారు లేచారు. అక్కడ లోతు నడుం దాకానే కాబట్టి ఇప్పుడు పెళ్లిళ్లలో ఆయనే నవ్వుతూ చెప్తున్నారు.